పాత జీపు స్టీరింగు వదులైనచో

మన సభ్యులలో కొందరు ధాన్యపు బస్తాలతో కాలువగట్టు మీద పాత జీపును నడుపుచున్నారు. స్టీరింగు చక్రమును బెత్తెడు త్రిప్పినను బండి తిరుగనిచో, అట్టి గట్టుపై ప్రాణమునకే ముప్పు. ఇట్టి బండి యొకటి మాకును తటస్థించెను. తొందరపడి స్టీరింగు పెట్టెపై మరను బిగించితిమి. చక్రము పట్టుకొనిపోయి, వంపు దాటిన పిదప తనంత తాను తిన్ననగుట మానెను. వదులు మాత్రము పోలేదు.

కావున సోదర రైతులారా, ముందు వెదకుడు, పిదప బిగింపుడు. టైర్ల గాలి సరిచూచి, యింజను ఆపి, బండి నేలమీదనే యుండగా నొకరు స్టీరింగును అటునిటు కదల్పవలెను; వేరొకరు క్రింద చూడవలెను. ఏ కీలునకు ఒక ప్రక్క కదలిక వచ్చి రెండవ ప్రక్క కానరాదో, అచ్చటనే అరుగుదల కలదు. విల్లీసు వంశపు పాత జీపులలో ముందు అడ్డుదూలమునకు అమర్చిన బెల్ క్రాంకును తప్పక చూడవలెను.

పిమ్మట ముందు చక్రమును జాకీతో లేపి, ఇరుసు క్రింద దిమ్మ నుంచి, చక్రమును పైని, క్రిందను పట్టి యూపుడు. బ్రేకు త్రొక్కగా వదులు పోయినచో దోషము చక్రపు బేరింగుది, పోనిచో కింగుపిన్నుది.

పెట్టె మర కడపటిది. అరిగిన కీలును మార్చుడు. తీగ చుట్టి నడపకుడు.