పిల్లల తినుబండారాల్లో రంగులు

ఆహారంలో కలిపే రసాయనాలన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. సోడియం బెంజోయేట్ పానీయాల్లో బూజు పట్టకుండా అడ్డుకుంటుంది. నిల్వ మాంసంలో కలిపే నైట్రైట్‌కు క్యాన్సర్ ముప్పుతో సంబంధం ఉన్నా, ప్రాణాంతకమైన బొటులిజం విషం పుట్టకుండా అది కాపాడుతుంది. కృత్రిమ రంగుకు మాత్రం కంటికి ఇంపుగా కనిపించడం తప్ప మరో పని లేదు. అందుకే రంగుల వల్ల కలిగే చిన్న ముప్పునైనా పిల్లలు భరించనక్కరలేదని నా గట్టి నమ్మకం.

2007లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగంలో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ కొన్ని వారాలు రంగులూ బెంజోయేట్ కలిపిన పళ్లరసం, మరికొన్ని వారాలు అవేవీ లేని రసం ఇచ్చి చూశారు. ఎప్పుడు ఏది తాగుతున్నారో పిల్లలకూ తల్లిదండ్రులకూ తెలియనివ్వలేదు. రంగుల రసం తాగినప్పుడు పిల్లల్లో సగటున కుదురు తగ్గింది. ఆ మార్పు కొద్దిపాటిదే. అందరిలో ఒకేలా కనిపించలేదు. తప్పు ఏ రంగుదో, లేక బెంజోయేట్‌దో కూడా తేలలేదు. అయినా ఐరోపా సమాఖ్య ఆ ప్రయోగంలో వాడిన ఆరు రంగుల్లో ఏది ఉన్న ఆహారంపైనైనా హెచ్చరిక ముద్రించాలని 2010 జులై నుంచి నిబంధన పెట్టింది. వాటిలో టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ మన దేశంలో అనుమతి ఉన్నవే. ఇక్కడి ప్యాకెట్లపై అలాంటి హెచ్చరిక ఉండాలన్న నియమం లేదు. ఉండాలి.

అనుమతి ఉన్న రంగులన్నీ సమానమూ కావు. జీవితాంతం రోజూ తిన్నా హాని ఉండదనుకునే మోతాదు టార్ట్రజిన్‌కు, ఐరోపా లెక్కలో, కిలో శరీర బరువుకు 7.5 మిల్లీగ్రాములు. కేకులపై చెర్రీలకు ఎరుపునిచ్చే ఎరిత్రోసిన్‌కు అది 0.1 మాత్రమే. పదిహేను కిలోల పిల్లవాడికి రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములన్నమాట. కిలో మిఠాయిలో 50 మిల్లీగ్రాముల ఎరిత్రోసిన్ కలిపితే, 30 గ్రాముల ముక్కతోనే ఆ హద్దు పూర్తవుతుంది. ఒక్క రోజు తింటే ప్రమాదమని కాదు, రోజూ తినిపించకూడదని అర్థం.

ఇక అసలు అనుమతే లేని రంగులది వేరే సంగతి. బట్టలకు అద్దే రోడమిన్-బి కనిపించడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్నే నిషేధించింది. విడిగా అమ్మే మిఠాయికి చీటీ ఉండదు, అడిగితే చెప్పేవారూ ఉండరు. మరీ కొట్టొచ్చినట్టు మెరిసే రంగుదైతే పిల్లలకు కొనకండి. ప్యాకెట్ కొంటే వెనక్కి తిప్పి పైన చెప్పిన ఐదు రంగులకు గుర్తులైన 102, 110, 122, 124, 127 అంకెలు ఉన్నాయేమో చూడండి.