రంగు విడిచిన లోహము

సముద్రపుగాలి సోకు ఊళ్ళలో ఇనుము బ్రతుకు కష్టము. మచిలీపట్నము మొదలు బంటుమిల్లి వరకు ఏ ఇంటి కిటికీ చువ్వను చూచినను, రంగు పెచ్చులూడినచోట ఎర్రని త్రుప్పు కానవచ్చును. అట్టిచోట ఉన్న రంగును నిలుపుకొనుటయే గృహస్థునకు పెద్దపని. కాని మోటారు సైకిలును తన మెచ్చుకోలుగా మలచుకొను యువకులలో కొందరికి నేడు ఇందుకు విపరీతమైన వేడుక పుట్టినది. టాంకుమీద, మడ్‌గార్డులమీద ఉన్న రంగును సమూలముగా ఊడదీసి, లోపలి లోహమును వెండివలె మెరయజేయవలెనని వారి కోరిక. కోరికలో తప్పులేదు. ఊడదీయుచున్నది అలంకారమా, కవచమా అని మాత్రము ముందుగా విచారించుకొనవలెను.

ఈ వేడుక క్రొత్తది కాదు. జర్మనీలోని మెర్సిడెస్ పందెపు కార్లను గూర్చి ఒక కథ కలదు. 1934లో న్యూర్‌బర్గ్‌రింగ్ పందెమునకు ముందు కారు బరువు నియమితమైన 750 కిలోలకంటె ఒక కిలో హెచ్చుగా తేలినదట. రాత్రికి రాత్రి తెల్లరంగును గీకివేసి, వట్టి అల్యూమినియపు రేకుతోనే దానిని బరిలో దింపితిమని జట్టు నిర్వాహకుడు న్యూబావర్ తరువాత చెప్పుకొనెను. ‘వెండి బాణములు’ అను పేరునకు ఇదియే మూలమందురు. చరిత్రకారులు పలువురు దీనిని నమ్మరు. నమ్మినను నమ్మకున్నను, కథలో బయటపడిన లోహము అల్యూమినియమను సంగతి మరువరాదు.

ఏలయన, అల్యూమినియము గాలి సోకినంతనే తనపై కంటికి కానరాని ఆక్సైడు పొరను కప్పుకొనును. అది గట్టిగా అంటియుండి లోపలి లోహమును కాపాడును. ఇనుమునకు పట్టు త్రుప్పు అట్టిది కాదు. గుల్లగా ఉబ్బి, పొరలుపొరలుగా రాలి, అడుగు లోహమును మరల గాలికి ఒప్పగించును. మోటారు సైకిలు ఇంజను పెట్టె సాధారణముగా అల్యూమినియపు పోత. టాంకు, చట్రము పెక్కింట ఉక్కు. ఏది ఏదో తెలియుటకు బడిపిల్లవాని అయస్కాంతపు ముక్క చాలును.

తీరమున మరియొక చిక్కు కలదు. గాలిలో తేమ ఇంచుమించు 75 శాతము దాటగానే ఉప్పు ఆ తేమను పీల్చి తానే నీరగును. కృష్ణాతీరమున తెల్లవారుజామున తేమ ఆ మేరను దాటుట సామాన్యము. రాత్రి ఆరుబయట నిలిపిన బండిపై ఉప్పునీటి పలుచని పూత పడుచుండునన్నమాట. ఆ ఉప్పు అల్యూమినియపు పొరకు సైతము తూట్లు పొడువగలదు.

ఇక రంగు ఊడదీయు విధానములలో గరుకుకాగితము నిదానమైనది. పాతబండ్ల రంగులలో సీసము ఉండవచ్చును గనుక పొడిగా రుద్దక, తడిపి రుద్దుట మేలు. కాస్టిక్ సోడా ఉక్కుమీది రంగును చక్కగా తీయును. అల్యూమినియపు భాగమును అందు ముంచినచో రంగుతోపాటు లోహమును కూడ తినివేయుచు హైడ్రోజను వాయువును వెడలించును. ఇసుకను వేగముగా చిమ్ముటవలన లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును.

అన్నింటికంటె జాగ్రత్త వలసినది మిథిలీన్ క్లోరైడు కలిసిన పెయింటు రిమూవరు. నిమిషములలో రంగు బొబ్బలెక్కి లేచును గనుక దానిపై మోజు ఎక్కువ. దాని ఆవిరి గాలికంటె బరువైనది. గాలి ఆడని గదిలో నేలబారుగా నిలిచిపోవును. పీల్చినవాని దేహములో అది కార్బన్ మోనాక్సైడుగా మారును. అమెరికాలో స్నానపుగదులలో తొట్ల పాతపూత తీయుచు పనివారు పలువురు మరణించిరి. 2019లో అచటి ప్రభుత్వము అట్టి రిమూవర్లను గృహస్థులకు అమ్మరాదని శాసించెను. పెట్రోలు టాంకు దగ్గరకు మంట రానీయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. ఖాళీ టాంకులోని ఆవిరియే భయంకరమైనది.

రంగు తీసిన ఉక్కు ఈ ప్రాంతమున గంటలలోనే ఎరుపెక్కును. అందుచే కొందరు వెంటనే పారదర్శకమైన లాకరు పూయుదురు. లోహముపై జిడ్డు లేశమైనను ఉన్నచో ఆ పూత నిలువదు. బందరు చేరువ చిలకలపూడిలో రాగి, ఇత్తడి నగలకు బంగారు పూత పెట్టు రోల్డుగోల్డు పనివారికి ఈ సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. లాకరుమీద చిన్న గీత పడినను చాలు, తేమ అడుగున చొరబడి, చెదపురుగు నడచినట్లు సన్నని దారులుగా త్రుప్పు ప్రాకును. పైపూత చెక్కుచెదరకుండగనే అడుగున ఇనుము చెడుచుండుట చూచువారికి వింతగనుండును.

దుక్కి సాగినన్నాళ్ళు నాగటికర్రు మెరయుచుండును. పని తీరినంతనే దానికి నూనె రాచి దాచిపెట్టవలెను. రంగులేని టాంకుకు కూడ ఆపాటి సేవ తప్పదు. వానలో తడిసిననాడే తుడువవలెను, మైనము పూయుచుండవలెను. అంత ఓపిక లేనివారు ఇంజనుపై నుండు అల్యూమినియపు మూతలను మెరుగు పెట్టుకొని, టాంకును దాని మానాన విడుచుట ఉత్తమము. 1955 నుండి మదరాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ టాంకుల విషయమున ఇది మరింత నిజము. వాని అంచుల వెంబడి సాగు బంగారు గీతలను పనివారు చిరకాలము చేతికుంచెతోనే గీయుచు వచ్చిరి. రిమూవరు ఒక్క పూటలో ఆ గీతను తుడిచివేయును. దానిని వణకులేక తిరిగి గీయగల చేయి ఊరూర దొరకదు.