ప్రింటర్ నుంచి చిటపటలా? ఫిలమెంట్‌కు తేమ పట్టినట్టే.. వానాకాలంలో ఇలా దాచుకోండి!

వానాకాలం వస్తే వంటింట్లో జంతికలు మెత్తబడతాయి. 3డీ ప్రింటర్ ఉన్న ఇంట్లో సీన్ రివర్స్. బాగా వాడకంలో ఉండే పీఎల్ఏ ఫిలమెంట్ పెళుసుబారి, వంచితే చాలు పుటుక్కున విరుగుతుంది. రాత్రి ప్రింట్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తీగ మధ్యలో తెగి, మెషీన్ గాల్లో గీతలు గీస్తూ కనిపిస్తుంది. టైమ్, కరెంటు, మెటీరియల్ అన్నీ వేస్ట్. చిన్నచిన్న ఆర్డర్లు చేసుకునేవాళ్లకైతే నేరుగా నష్టమే.

విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఈ సీజన్‌లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఫిలమెంట్ ప్లాస్టిక్కే కదా, నీళ్లు ఏం చేస్తాయి అనుకుంటారు చాలామంది. కానీ ఈ ప్లాస్టిక్ గాలిలోని తేమను మెల్లగా లోపలికి పీల్చుకుంటుంది. పీఎల్ఏ కాస్త నయం. పీఈటీజీ, టీపీయూ అంతకంటే త్వరగా పాడవుతాయి. నైలాన్ సంగతి చెప్పక్కర్లేదు, ఒక్కరోజు బయట ఉంచినా తేడా తెలుస్తుంది.

నాజిల్ వేడి 200 డిగ్రీల పైనే. లోపలున్న తేమ అక్కడ ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆ చిటపట శబ్దం అదే. ప్రింట్ మీద బుడగలు, సాలెగూడు లాంటి దారాలు, గరుకుతనం వస్తాయి. అంతకంటే పెద్ద సమస్య కంటికి కనిపించదు. ఆ వేడిలో నీరు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపేస్తుంది. అంటే చూడ్డానికి బాగానే వచ్చిన హుక్కు, బ్రాకెట్టు కూడా బరువు వేస్తే విరగొచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడేది. తడిసిన స్పూల్‌ను సిలికా జెల్ డబ్బాలో పెడితే ఆరిపోతుందని అనుకుంటారు. సిలికా జెల్ పని పొడి స్పూల్‌ను పొడిగా ఉంచడమే. ఇప్పటికే పట్టిన తేమ పోవాలంటే వేడి కావాల్సిందే. పీఎల్ఏకి 45 నుంచి 50 డిగ్రీల్లో 4 నుంచి 6 గంటలు, పీఈటీజీకి 65 డిగ్రీల దగ్గర అంతే సమయం సరిపోతుంది. నైలాన్‌కు 70-80 డిగ్రీల్లో 12 గంటలైనా పడుతుంది. ఫిలమెంట్ డ్రయర్ ఉంటే మంచిదే. టెంపరేచర్ సెట్ చేసుకునే ఫుడ్ డీహైడ్రేటర్‌లో స్పూల్ పడితే దానితోనూ పనవుతుంది. ఇంట్లోని ఓవెన్ మాత్రం వద్దు. చిన్న ఓవెన్లలో వేడి ఒక్కోసారి సెట్ చేసినదానికంటే బాగా పైకి పోతుంది. 60 డిగ్రీలకే పీఎల్ఏ మెత్తబడి, చుట్లన్నీ అతుక్కుపోతాయి. వండుకునే ఓవెన్‌లో ప్లాస్టిక్ వేడి చేయడం ఎలాగూ మంచిది కాదు.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? వంటింటి డిజిటల్ కాటా చాలు. ఆరబెట్టే ముందు, తర్వాత స్పూల్‌ను తూచండి. తగ్గిన గ్రాములే పోయిన నీళ్లు. బరువు ఇక తగ్గడం ఆగిందంటే ఆరినట్టే.

ఆరిన వెంటనే డబ్బాలోకి మార్చాలి. మూతకు రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, గుప్పెడు సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ ఉంటే చాలు. మీటర్‌లో 20 శాతం లోపు చూపిస్తే భేష్. 40 దాటితే జెల్ పనైపోయిందని అర్థం. నీలం రంగు జెల్‌లో హానికరమైన కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో ఆరెంజ్ రకమే మేలు. అది తేమ పడితే ఆకుపచ్చగా మారుతుంది. తిండికి వాడని ఓవెన్‌లో 110-120 డిగ్రీల్లో 2-3 గంటలు ఉంచితే మళ్లీ ఆరెంజ్‌లోకి వస్తుంది. తడిసిన ఫోన్‌లా బియ్యంలో పెట్టే చిట్కా మాత్రం దండగ, దుమ్ము అంటుకుని నాజిల్ మూసుకుపోతుంది.

ఏసీ గదిలో ఉంచితే చాలదా అంటే.. ఏసీ నడుస్తున్నంతసేపే. ఆపిన కాసేపటికే గదిలో తేమ మామూలైపోతుంది. ప్రింట్ అవగానే స్పూల్‌ను మెషీన్ మీదే వదిలేయకుండా డబ్బాలో పెట్టేయడమే సేఫ్. నైలాన్ లాంటివైతే ప్రింట్ నడుస్తున్నప్పుడూ డబ్బాలోనే ఉంచి, చిన్న రంధ్రం గుండా ట్యూబ్‌తో ప్రింటర్‌కు అందించుకోవచ్చు.