సీమంతమునకు మన చేతి కానుక

నూలు వడికి, చీర నేసి, ఊరందరికి పెండ్లి బట్టలు అందించిన మన యిండ్లలోనే సీమంతము వచ్చినప్పుడు కానుకల కొరకు బజారునకు పరుగెత్తుచున్నాము. మెరుపు గుడ్డల గౌనులు, ప్లాస్టిక్ బొమ్మలు, అట్టపెట్టెలలోని సబ్బులు కొనుచున్నాము. పందిరి, ఫోటోలు, వందమందికి విందు అని అప్పు తెచ్చుచున్నాము. ఆ అప్పు తీరకముందే ప్రసవపు ఖర్చు వచ్చి పడుచున్నది. ఈ విషయమై సంఘ సభ్యులు, ముఖ్యముగా మన సోదరీమణులు, కొంత ఆలోచన చేయుట అవసరమని తోచి, మేము చూచిన ఒక వేడుకను, దానిపై మా సూచనలను ఇచ్చట వ్రాయుచున్నాము.

సరిహద్దు ఊరిలో వేడుక

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో, రాజురా నుండి ఆసిఫాబాదు పోవు రోడ్డుపై, తెలంగాణ సరిహద్దు నంటి లక్కడ్‌కోట్ అను ఊరు కలదు. రాజురా ప్రాంతము పూర్వము హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు బొంబాయి రాష్ట్రపు నాందేడ్ జిల్లాలోనికి, 1959లో చాందా జిల్లాలోనికి మారినది. ఆ చాందాయే నేటి చంద్రపూర్. సరిహద్దు గీత మారినను చుట్టరికములు మారలేదు. నేటికిని పిల్ల నిచ్చుట, తెచ్చుట రోడ్డుకు రెండు వైపులను జరుగుచునే యున్నది.

అచ్చట మగ్గము విడిచి సేద్యమునకు మరలిన మనవారి యింట కోడలి సీమంతమునకు మేము వెళ్ళితిమి. తెలంగాణ పల్లెలలో దీనిని శ్రీమంతమందురు. ఇరుగు పొరుగు మరాఠీవారు డోహాళే జేవణ్ అందురు. డోహాళే యనగా గర్భిణి కోరికలు. జేవణ్ యనగా భోజనము. మన కావ్యములలో చదువుకొను దోహదమే వారి నోట డోహాళే అయినది. ఉయ్యాలకు పూలు చుట్టి గర్భిణిని కూర్చుండబెట్టి పాటలు పాడుట వారి ఆచారము. గాజులు తొడిగి, ఒడిలో బియ్యము, కుడుకలు, ఖర్జూరములు, రవికె గుడ్డ పోయుట మన ఆచారము. ఒడి నింపుట వారికిని కలదు. ఓటీ భరణే అందురు. ఆ యింట రెండు ఆచారములును ఒకే పూట జరిగినవి. మన పోలెలు, వారి పూరణ్‌పోళీ ఒక్క పెనము మీదనే కాలినవి.

పందిరి లేదు, అద్దె కుర్చీలు లేవు. చాపలు పరచిరి. వచ్చినవారు ముప్పదిమందికి మించరు. కానుకలలో బజారు వస్తువులు తక్కువ. ఒకామె పత్తితో వత్తులు చేసి తెచ్చినది. ఒకామె ఇంటి ఆవు నెయ్యి తెచ్చినది. మగ్గము నడుపుచున్న బంధువొకడు ఆసిఫాబాదు వైపు నుండి తెల్లని నూలు గుడ్డ తానుగా తెచ్చెను. ఆ గుడ్డను చూచి మాకు కలిగిన ఆలోచనయే ఈ వ్యాసమునకు మూలము.

కుట్టని గుడ్డ యేల?

పుట్టబోవు బిడ్డ కొరకు ముందుగా బట్టలు కొనరాదని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. పుట్టిన పిమ్మటను కొన్ని దినములు పాత మెత్తని గుడ్డలనే వాడుదురు. ఈ మాటను మూఢనమ్మకమని త్రోసివేయువారు కలరు. అయినను కడుపుతో నున్న పిల్ల మనసులో చిన్న భయము మిగిలినచో ఆ కానుక వలన సుఖమేమి? పాత గుడ్డ వాడుటలో తెలివియు కలదు. కొత్త గుడ్డలోని గంజి పసిచర్మమును ఒరయును; పలుమార్లు ఉతికిన గుడ్డ ఒరయదు.

కావున సీమంతమునకు గౌను కుట్టి యిచ్చుటకంటె కుట్టని గుడ్డ యిచ్చుట మేలు. అది మొదట తల్లిది. ఆమె దానిని మడిచి పక్కపై పరచుకొనవచ్చును. మూడు నెలలు వాడి, ఉతికి మెత్తబడిన పిమ్మట, బిడ్డ క్షేమముగా పుట్టినప్పుడు కత్తెర వేయవచ్చును. పెద్దల మాటయు నిలుచును, బిడ్డకు మెత్తని గుడ్డయు దొరకును.

ఇది మనకు మాత్రమే తోచిన మాట కాదు. ఐరోపాలోని ఫిన్లాండు దేశమున 1938 నుండి ప్రభుత్వము కాన్పు కానున్న పేద తల్లులకు ఒక పెట్టె నిచ్చుచు, 1949 నుండి తల్లులందరికిని ఇచ్చుట ఆరంభించినది. తొలి దినములలో ఆ పెట్టెలో కుట్టిన ఉడుపులతో పాటు గుడ్డ కూడ నుండెడిది. ఆ కాలమున తల్లులు బిడ్డ బట్టలు తామే కుట్టుకొనెడివారు. పెట్టె కావలెననిన తల్లి ముందుగా వైద్యపరీక్షకు పోవలెనను నియమము కూడ పెట్టిరి. గుడ్డ నిచ్చి ఆరోగ్యమును రాబట్టిరన్నమాట.

గుడ్డ ఎట్టిది, ఎంత?

40 నంబరు లేక 60 నంబరు నూలుతో సాదా నేత చాలును. జరీ వద్దు, గట్టి అంచు వద్దు. పడుగు పేకలు మరీ బిగువుగా కొట్టరాదు. కొంచెము వదులుగా నున్నచో నీరు పీల్చును, త్వరగా ఆరును. వెడల్పు 1 మీటరు, పొడవు 5 మీటర్లు. సగమునకు మడిచినచో తల్లికి రెండున్నర మీటర్ల రెండు పొరల పక్కగుడ్డ యగును. కాన్పు పిమ్మట మీటరు చదరపు ముక్కలు 3 కోసినచో బిడ్డను చుట్టుటకు చాలును. మిగిలిన 2 మీటర్లలో అర మీటరు చదరపువి 8 వచ్చును; అవి లంగోటీలకు పనికివచ్చును. ఒక్క అంగుళము వృథా కాదు.

గంజి తీయుటలో అశ్రద్ధ పనికిరాదు. గుడ్డను రాత్రియంతయు నీటిలో నానబెట్టి, ఉదయము కొద్ది సబ్బుతో ఉడికించి, మూడు నీళ్ళలో జాడించి, ఎండలో ఆరవేయవలెను. గంజి పోయినదో లేదో తెలిసికొనుటకు ఒక మూల టింక్చర్ అయోడిను చుక్క వేయుడు. నీలముగా మారినచో గంజి యింకను మిగిలినట్లే, మరల నానబెట్టవలెను. ఆ మూలను పిమ్మట కత్తిరించి వేయవచ్చును. కొత్త నూలుగుడ్డ తడిసిన వెంటనే కుంచించుకొనును గనుక ఉతికిన తరువాతనే కొలత తీయవలెను. నేయునప్పుడే పొడవు కొంత ఎక్కువ పెట్టుకొనవలెను.

రంగు కావలెననువారు తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడవలెను. రంగు అంటినచో ఆ గుడ్డ బిడ్డకు పనికిరాదు. బిడ్డ చేతికి దొరకినది నోటిలో పెట్టుకొనును. గుండీలు, పూసలు, మెడకు కట్టు త్రాళ్ళు వద్దు. వ్రేలాడు పోగులను ఒక్కొక్కటిగా కత్తిరించవలెను. విడిపోయిన పోగు బిడ్డ కాలివ్రేలికి చుట్టుకొని రక్తము ఆగిపోవు ప్రమాదము కలదు. నేతగాని కన్నే దీనిని ముందుగా పట్టగలదు.

బొంతయు, దానిని కుట్టిన చేయియు

మరాఠీవారు గోధడీ అనునది మనకు బొంత. పాత నూలు చీరలను నాలుగు పొరలుగా పరచి, సూదితో వరుస కుట్టు వేసినచో పసిబిడ్డ క్రింద పరచుటకు అంతకు మించినది లేదు. చీరలను ముందుగా వేడినీటిలో ఉడికించి ఎండవేయవలెను. లోపల దూది కూరరాదు. ఉతికినప్పుడు ఉండలు కట్టును. బొంతను బిడ్డ క్రింద పరచవలెనే గాని ముఖము మీదికి వచ్చునట్లు కప్పరాదు.

లక్కడ్‌కోట్‌లో మేము చూచిన బొంతను ఆ యింటి పెద్దావిడ రెండు నెలలు కూర్చుండి కుట్టినది. కోడలికి ఆమె పెద్దత్త. భర్త పోయి చాల ఏండ్లయినది. వేడుక వేళకు ఆమె వంటింటి గడప లోపలనే నిలిచి, బొంతను ఒక చిన్నపిల్ల చేతికిచ్చి పంపబోయినది. ఎవరో రమ్మని పిలువగా, "నేనెందుకు బిడ్డా, బొంత పోతే నేను పోయినట్టే గదా" అనినది. కూర్చున్న ఆడవారిలో ఒక్కరును మాటాడలేదు. మేమును మాటాడలేదు, అది మా లోపము.

అప్పుడు ఆ కోడలే మెల్లగా లేచి గడప దాక నడచినది. "పెద్దత్తా, నువ్వు కుట్టినదాన్ని నువ్వే నా ఒళ్ళో పెట్టాలె. వేరేవాళ్ళ చేతి నుంచి నేను తీసుకోను" అని చేయి పట్టి తెచ్చి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనినది. ఆమె బొంతను ఒడిలో పెట్టి, కుంకుమ గిన్నె వైపు చూచి ఆగినది. కోడలు గిన్నెను ఆమె చేతికే ఇచ్చినది. ఆ పిమ్మట పాటలు మొదలైనవి.

మహారాష్ట్రలోనే కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామము 2022 మే నెలలో వితంతువుల గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట మొదలగు ఆచారములను మానవలెనని గ్రామసభలో తీర్మానించినది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వము ఇతర గ్రామములును ఆ మార్గము నవలంబించవలెనని ఉత్తరువు పంపినది. ఊరు తీర్మానించువరకు మన యిల్లు ఆగనక్కరలేదు. ఆమె నేసిన చీర, కుట్టిన బొంత శుభమైనప్పుడు ఆమె చేయి అశుభమెట్లగును?

చంద్రపూర్ జిల్లాలో వరోరా వద్ద బాబా ఆమ్టే స్థాపించిన ఆనందవనమున, కుష్ఠు నుండి కోలుకొనినవారు మగ్గములపై గుడ్డ నేయుట లోకమెరిగినదే. లోకము త్రోసివేసిన చేతులు నేసిన గుడ్డను లోకమే కొని కట్టుకొనినది. మన యింటి గడప లోపల నిలిచిన చేతికి అంతకంటె తక్కువ గౌరవము చేయరాదు.

ఇంటి వేడుక ఏర్పాట్లు

ఐదవ, ఏడవ, తొమ్మిదవ మాసములలో చేయుట వాడుక. ప్రయాణము, అలసట తలచినచో ఏడవ మాసము అనుకూలము. ఉదయము ఎండ ముదరకముందే మొదలిడి రెండు గంటలలో ముగింపవలెను. గర్భిణికి వీపు ఆనుటకు వీలైన పీట వేయవలెను. త్రాగునీరు అందుబాటులో ఉంచవలెను. ఆమె అలసితిననినచో మిగిలిన తంతు ఆపవలెను. సాంబ్రాణి పొగ ఎక్కువ వేయరాదు. ఆ యూరి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును పిలిచినచో రక్తపరీక్ష, ఆసుపత్రి ప్రయాణము మొదలగు మాటలు నవ్వుల నడుమనే తేలిపోవును.

వంట నొక్క యింటిపై వేయక, చుట్టములు ఇంటికొక వంటకము తెచ్చుట మేలు. ఒకరు పులిహోర, ఒకరు పెరుగన్నము, ఒకరు గారెలు. ఏ యింటివారు ఏమి తెచ్చెదరో వారము ముందే కాగితముపై వ్రాసికొనినచో ఒకే వంటకము మూడు చోట్ల నుండి రాదు.

మరాఠీవారిలో రెండు గిన్నెలలో పేడా, బర్ఫీ దాచి గర్భిణి చేత ఒకటి తెరిపించు ఆట యున్నది. పేడా మగబిడ్డకు, బర్ఫీ ఆడబిడ్డకు గుర్తట. వేడుకకే యైనను, బర్ఫీ వచ్చినప్పుడు ముఖములు చిన్నబోవు ఇండ్లలో ఈ ఆట మానుట మేలు. పరీక్ష చేయించి ఆడయో మగయో చెప్పుట 1994 నాటి చట్టము ప్రకారము నేరమని అందరికిని తెలియవలెను.

కూలి లెక్క

చేతి కానుకయన్న ఊరక వచ్చునని తలంపరాదు. నూలు ధర, కండెలు చుట్టిన కూలి, నేత దినములు, గంజి తీయుట, కుట్టుపని అన్నియు ఒక కాగితముపై వ్రాయుడు. మన యింటివారికే ఇచ్చునప్పుడు ఆ లెక్కను అడుగనక్కరలేదు. తెలిసి ఇచ్చినచో చాలును. ఇతరులు కోరినప్పుడు మాత్రము ఆ లెక్క ప్రకారమే ధర చెప్పవలెను. 2019–20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలిరి. నేతవారిలో నూటికి 70కి పైగా స్త్రీలే. కండె చుట్టిన గంటను లెక్కలో వేయని అలవాటు మన యిండ్ల నుండియే పోవలెను.

సహకార సంఘములకు మా మనవి యొకటి. ఐదు మీటర్ల గంజి తీసిన గుడ్డ, ఒక బొంత, ఒక నూలు తువాలు కలిపి 'ఒడి మూట' అని పేరు పెట్టి, చేనేత ముద్రతో అమ్మకమునకు ఉంచవచ్చును. తెలంగాణమున 2017లో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లులకు బిడ్డ బట్టలు, దోమతెర మొదలగునవి గల పెట్టె నిచ్చు పథకము మొదలైనది. ఇట్టి పథకము ఏ ప్రభుత్వము చేపట్టినను అందులోని గుడ్డ మగ్గముది కావలెనని సంఘములు అర్జీ పెట్టవలెను. 1905 స్వదేశీ ఉద్యమము జ్ఞాపకార్థము 2015 నుండి ఆగస్టు 7వ తేదీన చేనేత దినము జరుపుచున్నాము. ఆ దినమున ఉపన్యాసములతో పాటు, ఊరిలోని గర్భిణి యొకతెకు ఒక ఒడి మూట నిచ్చినచో ఆ పండుగ మరింత నిండుగా నుండును.

సభ్యుల యింట సీమంతము జరుగనున్నచో ఈ పద్ధతిని పరీక్షించి చూడవలెనని కోరుచున్నాము. గుడ్డ చిన్నదైనను సరే. దానిని నేసినవారును, కుట్టినవారును ఆ పూట గడప లోపల నిలువక, చాప మీద ముందు వరుసలో కూర్చుండవలెను.