నెత్తురు పరీక్ష ఏం చెప్తది? ఏం చెప్పదు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది మంది ఆడవాళ్లు బీడీలు చుట్టి బతుకుతున్నారు. సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టేవాళ్లూ ఉన్నారు. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే పొద్దుగూకే దాకా తల ఎత్తరు. పని ఆగితే కూలి ఆగుతుంది. అందుకే ఒంట్లో బాగా లేకున్నా రేపు, మాపు అని జరుపుతారు.

రొమ్ములో గడ్డ తగిలినా అంతే. చాలాసార్లు ఆ గడ్డ నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. కొందరు సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పరు. మరికొందరు "నెత్తురు పరీక్ష చేయిస్తే తెలిసిపోతది" అనుకుంటారు. నిజంగా తెలుస్తుందా?

మన ఒళ్లు కోట్ల కణాలతో తయారైంది. కణం కంటికి కనిపించనంత చిన్నది. కొన్ని కణాలు అదుపు తప్పి పెరిగితే అదే క్యాన్సర్. ఆ కణాల నుంచి కొన్ని పదార్థాలు నెత్తురులో కలుస్తాయి. అవి జబ్బుకు గుర్తులు. రొమ్ము క్యాన్సర్‌లో డాక్టర్లు చూసే ఒక గుర్తు పేరు సీఏ 15-3.

కాని గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చాలామందిలో ఈ గుర్తు పెరగదు. కాగితంలో అంతా బాగుందని వస్తుంది. లోపల జబ్బు మాత్రం పెరుగుతుంది. ఇంకో సంగతి. క్యాన్సర్ లేకున్నా, కార్జం జబ్బు ఉంటే ఈ గుర్తు పెరగవచ్చు. తంబాకు వాసన చూసి బీడీలు లెక్కపెట్టగలమా? కట్టలు విప్పి చూడాల్సిందే. గడ్డ సంగతీ అంతే.

మరి ఈ పరీక్ష ఎందుకు? క్యాన్సర్ ఉందని ముందే తేలి, అది వేరే అవయవాలకు పాకిన వారికి ఇది పనికొస్తుంది. మందు పని చేస్తున్నదా లేదా అని చూస్తారు. అప్పుడు కూడా ఇదొక్కటే చాలదు. స్కానింగులు కూడా చూస్తారు.

గడ్డ తగిలితే ఏం చేయాలి? దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. డాక్టరు ముందు చేతితో చూస్తారు. తర్వాత స్కానింగ్ గాని, మామోగ్రాం అనే ఎక్స్‌రే గాని తీస్తారు. అనుమానం ఉంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీస్తారు. ఇదే ముక్క పరీక్ష. దీన్ని బయాప్సీ అంటారు. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది ఇదే. ఏ మందు పని చేస్తుందో కూడా ఆ ముక్కను బట్టే తెలుసుకుంటారు.

క్యాన్సర్ అని తేలితే పెద్దాసుపత్రికి పంపుతారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది ప్రభుత్వ ఆసుపత్రి. 1955లో మొదలైంది. అర్హత ఉన్న కుటుంబాలకు ఆరోగ్యశ్రీ కింద చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. పోయేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి.

అక్కలారా, చెల్లెలారా! ఈ గుర్తులు మరువకండి:

రొమ్ములో గాని, చంకలో గాని గడ్డ.
రొమ్ము మీద చర్మం సొట్ట పడడం.
చనుమొన లోపలికి పోవడం.
చనుమొన నుంచి నెత్తురు కారడం.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఎక్కువ గడ్డలు మామూలువే. కాని ఏది మామూలుదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఒకరోజు కూలి పోతే మరునాడు సంపాదించుకోవచ్చు. ముదిరిన జబ్బును వెనక్కి తిప్పడం కష్టం.