సుడుల లెక్క

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. గార్లదిన్నె మండలంలో మిడ్ పెన్నార్ జలాశయం ఉన్నప్పటికీ, దాని కాలువ నీరందని మెట్టపొలాలకు వానే ఆధారం. అక్కడ వేరుశనగ రైతు తొలివాన పదునుకు విత్తనం వేసిన తరువాత మబ్బు మొహం చాటేస్తే విత్తనం, అప్పు తెచ్చిన పెట్టుబడి రెండూ మట్టిపాలవుతాయి. ఆ మబ్బు నడకను ముందుగా లెక్కకట్టటం ఎందుకు కష్టమో తెలియాలంటే గాలిలోని సుడులను గురించి తెలుసుకోవాలి.

గాలి వీచని గదిలో అగరువత్తి పొగ కొంత ఎత్తువరకు దారంవలె నిలువుగా లేస్తుంది. ఆపై ఒక్కసారిగా మెలికలు తిరిగి చెదిరిపోతుంది. మొదటిది స్తరీయ ప్రవాహం, రెండవది సంక్షుబ్ధ ప్రవాహం. ఈ మార్పును 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టంలో రంగునీటి ధారను పంపి నిరూపించాడు. ప్రవాహాల సమీకరణాలు అప్పటికే ఉన్నాయి; చిక్కంతా వాటిని సాధించటంలోనే. మేఘంలో కిలోమీటర్ల వెడల్పుగల సుడి మొదలు మిల్లీమీటరంత సుడి వరకు ఉంటాయి. అన్నింటినీ లెక్కించటం ఎంతటి కంప్యూటరుకైనా అలవికాని పని. కావున శాస్త్రజ్ఞులు వాతావరణాన్ని పెద్ద పెద్ద గళ్లుగా విభజించి సగటు వేగాలను లెక్కిస్తారు. గడిలో ఇమిడిపోయిన చిన్న సుడుల ప్రభావాన్ని మాత్రం ఊహా సూత్రాలతో పూరిస్తారు. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

సంక్షుబ్ధ ప్రవాహాలపై జీవితకాలం కృషిచేసిన రొద్దం నరసింహ (1933–2020) బెంగళూరులో స్థిరపడినా, ఆయన పూర్వికులది ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రొద్దం గ్రామమే. నీటితొట్టెలో పైకి లేచే ధారను మధ్యలో విద్యుత్తుతో వేడిచేసి, ఆయన బృందం మేఘాన్ని ప్రయోగశాలలోనే అనుకరించింది.

ఆ ఊహా సూత్రాల స్థానంలో ఇప్పుడు కృత్రిమ నాడీజాలం, అనగా న్యూరల్ నెట్‌వర్క్, ప్రవేశించింది. సూక్ష్మంగా లెక్కించిన ప్రవాహాలను వేలకొలది ఉదాహరణలుగా చూపితే, సగటు వేగాలనుబట్టి సుడుల ప్రభావాన్ని అంచనా వేయటం అది నేర్చుకొంటుంది. అయితే ఉదాహరణలే చాలవు. చూసే దిక్కు మారినంత మాత్రాన ప్రవాహ ధర్మం మారదు. ఈ నియమాన్ని నాడీజాలం నిర్మాణంలోనే పొందుపరచి 2016లో జూలియా లింగ్ బృందం మెరుగైన ఫలితాలు సాధించింది. చదవని పాఠంలో ప్రశ్న వచ్చిన విద్యార్థివలె, చూడని ప్రవాహం ఎదురైతే నాడీజాలం తడబడుతుంది. పైగా తడబడినట్లు చెప్పదు!

2024లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన న్యూరల్ జీసీఎం ఈ మార్గంలోనిదే. పెద్ద గాలులను సమీకరణాలతోను, మేఘాలవంటి చిన్న చర్యలను నాడీజాలంతోను అది లెక్కిస్తుంది. 2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయశాఖ ఇటువంటి నమూనాల ఆధారంగా రుతుపవనాల రాకను 13 రాష్ట్రాలలో సుమారు 3.8 కోట్లమంది రైతులకు సంక్షిప్త సందేశాల ద్వారా తెలిపింది. ఆ ఏడాది ముందుగా వచ్చిన రుతుపవనాలు నడుమ ఆగిపోతాయన్న సూచన కూడా అందులో ఉన్నది. అదను ఎరిగి విత్తటానికి ఇది సాయపడుతుంది. కాని ఆ లెక్కలోని ఒక్కొక్క గడి గార్లదిన్నె మండలం కంటె ఎన్నో రెట్లు పెద్దది. ఒక చేనుపై కురిసి పక్కచేనును వదిలిపోయే జల్లు అందులో కనిపించదు.