కంప్యూటరు పనిముట్లకు వివరణము వ్రాయుట

కృత్రిమ మేధతో పనిచేయు సాధనములలో ఏజెంట్లనునవి నేడు ప్రచారమునకు వచ్చినవి. ఇవి ప్రశ్నకు జవాబు చెప్పి ఊరకుండక, ఒప్పగించిన పనిని తామే దశలవారీగా నెరవేర్చును. గ్రంథాలయ పట్టికను వెదకుట, అనువాదము చేయుట, లెక్క కట్టుట మొదలగు వానికి వేర్వేరు సాఫ్ట్‌వేరు పనిముట్లు కలవు. ఏ పనికి ఏ పనిముట్టును గైకొనవలయునో ఏజెంటు ముఖ్యముగా దానికి జతపఱచిన వివరణమును చదివియే గ్రహించును. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిలో ప్రతి పనిముట్టునకును పేరు, వివరణము, అది కోరు సమాచారముయొక్క స్వరూపము అను మూడును ముఖ్యములు.

సందేహము కలిగినపుడు మనుష్యుడు ప్రక్కవారిని అడుగును. ఏజెంటు పెక్కుసార్లు అడుగక, ఉన్న మాటలనుబట్టి ఊహించి ముందునకు సాగును. ఊహ తప్పినను ఫలితము పైకి సక్రమముగనే కనబడును. ప్రమాదమంతయు ఇందే యున్నది.

మన ప్రాంతమునుండియే ఒక ఉదాహరణమును గైకొందము. మన తొండేభావిలోను, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోను ఇంట తెలుగు మాటలాడి బడిలో కన్నడము చదివినవారు పెక్కుమంది. చింతామణి తాలూకాలోని కైవారమున నివసించిన యోగి నారేయణులు రెండు భాషలలోను రచనలు చేసిరి. తెలుగు చదువనేరని తెలుగువారు తెలుగు పాటలను కన్నడ లిపిలో వ్రాసికొందురు. అట్టి పాటను ఇంగ్లీషులోనికి మార్పుమని ఏజెంటునకు ఒప్పగించితిమనుకొనుడు. పనిముట్టు వివరణములో “కన్నడ పాఠమును అనువదించును” అని మాత్రమే యున్నచో, అది కన్నడ భాషయా, కన్నడ లిపియా యని తెలియదు. ఏజెంటు అక్షరములను చూచి పాటను కన్నడమనియే పంపవచ్చును. అర్థము చెడును, తెలుగు పాట కన్నడముగా నమోదగును.

యూనికోడులో తెలుగు, కన్నడ లిపులకు 128 స్థానముల చొప్పున ప్రక్కప్రక్కనే కేటాయింపబడినవి. వానినిబట్టి లిపి తెలియును గాని భాష తెలియదు. భాషకు వేఱు సంకేతములు కలవు: తెలుగునకు టి, ఇ, కన్నడమునకు కె, ఎన్. లిపులకు నాలుగక్షరముల సంకేతములు కలవు. భాషను, లిపిని వేర్వేరుగ తెలుపుమని వివరణము కోరినచో ఈ చిక్కు తీరును.

మంచి వివరణమున ముందుగా ఆ పనిముట్టు ఏమి చేయునో, ఏ పనికి తగదో స్పష్టముగ చెప్పవలయును. పిమ్మట అది కోరు ప్రతి అంశముయొక్క స్వరూపమును తెలుపవలయును. “తేదీ” యన్న చాలదు. 3-4 అనగా ఏప్రిల్ 3 అని కొందఱు, మార్చి 4 అని కొందఱు గ్రహింతురు. సంవత్సరము, నెల, దినము అను వరుసను నిర్ణయింపవలయును. “జిల్లా” యన్నను చాలదు. 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడువఱకు మన ఊరు కోలారు జిల్లాలోనిది. పాత పత్రములను వెదకు పనిముట్టు ఏ కాలపు పేరును కోరునో చెప్పవలయును. మన ఊరి పేరును ఇంగ్లీషు అక్షరములలో పలువిధములుగ వ్రాయుదురు గనుక, ఏ రూపములు చెల్లునో అదియు తెలుపవలయును.

ఒక సరియైన ఉదాహరణమును, దానికి వచ్చు ఫలితమును చూపుట మేలు. వెదకినది దొరకనిచో ఏమి సమాధానము వచ్చునో, పనిముట్టే చెడినచో ఏమి వచ్చునో వేర్వేరుగ వ్రాయవలయును. లేనిచో యంత్రలోపమును చూచి గ్రంథమే లేదని ఏజెంటు తలచును. సమాచారమును చెఱిపివేయు పనిముట్టయినచో ఆ సంగతిని మొదటనే హెచ్చరింపవలయును.

ఈ క్రమము మనకు క్రొత్తది కాదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును సంజ్ఞా పరిచ్ఛేదముతో ఆరంభించెను. పదములకు అర్థము స్థిరపడనిదే సూత్రము నిలువదు.

వ్రాసిన వివరణమును, ఆ పనిముట్టును ఎన్నడును చూడని యొకరికిచ్చి పని చేయింపుడు. వారు ఎక్కడ ఆగి ప్రశ్నింతురో, అక్కడ ఏజెంటు ఊహించునని తెలిసికొనుడు. ఆ వాక్యమును దిద్దుడు.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇట్టి పనిముట్లను నిర్మింతురు. తెలుగు, కన్నడము రెండును మనవే. ఒకదానిని మఱియొకదానిగా లెక్కించిన రెండింటికిని నష్టమే. ఇంట పాడుకొను పాట ఏ భాషదో, ఏ లిపిలోనిదో మీకు తెలిసినట్లు దూరముననున్న నిర్మాతకు తెలియదు. దానిని వివరణమున స్పష్టముగ వ్రాయుట మీ వంతు.